ఒళ్ళు పాతది, తీగ కొత్తది: పాత లైట్లతో ఇంటి అలంకరణ

పాత సామాను కొట్టులో ఒక ఇత్తడి దీపాన్ని చూసి మోజుపడి కొనేవారిలో చాలామంది, దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలనే సంగతి ఇంటికి వచ్చాకే ఆలోచిస్తారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. మూడు కొమ్మలున్న వేలాడే దీపాన్ని బేరమాడి తెచ్చి, ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, ఆయన దాన్ని చేత్తో పట్టి ఒకసారి పైకెత్తి చూసి, మా హాలులోని జిప్సం సీలింగుకు ఈ బరువు తగిలించనని చెప్పి వెళ్ళిపోయారు. ఆ దీపం రెండేళ్ళు అటక మీదే ఉంది. కాబట్టి ఈ పని బజారులో కాక ఇంట్లో మొదలుకావాలి.

ఒక సాయంత్రం చీకటి పడ్డాక, ఉన్న ట్యూబ్‌లైట్లను ఒక్కొక్కటిగా ఆర్పుతూ ఇల్లంతా తిరగండి. ఏ మూల చీకటిగా ఉంటోంది, ఎక్కడ కూర్చుని చదువుతున్నారు, భోజనాల బల్ల మీద ఎవరి నీడ పడుతోంది అన్నది గమనించి రాసుకోండి. ఆ తరువాత నేల నుంచి సీలింగు వరకు ఎత్తు, గోడ మీద ఇప్పటికే ఉన్న లైటు పాయింట్లు, మూడు పిన్నుల సాకెట్ల స్థానాలు కొలవండి. మన అపార్ట్‌మెంట్లలో సీలింగు సాధారణంగా పది అడుగులకు మించదు. మనుషులు నడిచే చోట వేలాడే దీపం అడుగు భాగం నేలకు కనీసం ఏడడుగుల ఎత్తున ఉండాలి గనుక, హాలు మధ్యలో మీకు దొరికేది రెండున్నర, మూడడుగుల జాగా మాత్రమే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ దర్బారు హాలులో 19 బెల్జియం గాజు షాండిలియర్లు అంత అందంగా కనిపించడానికి సగం కారణం వాటి పైనున్న ఎత్తే. ఆ ఎత్తు లేని ఇంట్లో అలాంటిదాన్ని వేలాడదీస్తే, వచ్చిన చుట్టం తల వంచుకుని నడవవలసి వస్తుంది. ఇలాంటి ఇళ్ళలో గోడ దీపాలు, బల్ల దీపాలు, భోజనాల బల్ల మీద వేలాడే ఒంటి దీపం బాగా కుదురుతాయి.

కొలతల చీటీ చేతికి వచ్చాక బజారుకు వెళ్ళవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, గురువారం నాడు జరిగే జుమ్మేరాత్ బజారులోనూ విడిభాగాలు, విరిగిన దీపాలు, గాజు గ్లోబులు కుప్పల్లో దొరుకుతాయి. లాడ్ బజారు దాటి మహబూబ్ చౌక్ గడియార స్తంభం వైపు వెళితే పాత వస్తువుల దుకాణాలున్నాయి. అక్కడివారికి వస్తువు విలువ తెలుసు గనుక ధర కూడా అలాగే ఉంటుంది. నా అనుభవంలో అన్నిటికన్నా మంచి చోటు మాత్రం బంధువుల అటక. పాత పెంకుటిళ్ళు, మండువా ఇళ్ళు పడగొట్టేటప్పుడు తలుపులను, కిటికీలను కొనుక్కుపోయేవారు వాటితోపాటే గోడ బ్రాకెట్లను, పాలగాజు డూములను తీసుకుపోతారు. అలాంటి కలప డిపోల్లో ఒక మూల వెతికితే అవి దుమ్ములో పడి ఉంటాయి. ఓడలో వాడిన దీపమంటూ చూపించేవాటిలో కొన్ని గుజరాత్‌లోని అలంగ్ ఓడలు విడగొట్టే చోటు నుంచి నిజంగా వచ్చినవే. చాలావరకు మొరాదాబాద్ వంటి చోట్ల కొత్తగా చేసి, పాతగా కనిపించేలా నల్లబరచినవి. కొత్తవైనంత మాత్రాన తప్పేమీ లేదు, పాతదాని ధర అడగనంత వరకు. నిజంగా ఓడ నుంచి వచ్చినదైతే లోపలి చీటీ మీద ఓల్టేజీ చూడండి, ఎందుకంటే కొన్ని 24 ఓల్టుల మీద పనిచేసేవి.

ధర విషయంలో ఒక కిటుకు ఉంది. ఇత్తడికి బజారులో రెండు ధరలుంటాయి: ఒకటి కిలో లెక్కన తుక్కు ధర, రెండవది పురాతన వస్తువు పేరుతో అడిగే ధర. గాజు లేని, ఒక కొమ్మ వంగిన, హోల్డరు ఊడిన దీపం మొదటి ధరకు దగ్గరగా వస్తుంది. మనకు కావలసింది అదే, ఎందుకంటే హోల్డరును, తీగను ఎలాగూ తీసి పారేయబోతున్నాం. ఆ రోజు ఇత్తడి కిలో ఎంత పలుకుతోందో ముందే కనుక్కుని వెళితే బేరం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

కొనే ముందు జేబులో ఒక చిన్న అయస్కాంతం, ఒక టేపు ఉండాలి. అయస్కాంతం అతుక్కుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము. గొలుసు, గొట్టం, అడుగు పళ్ళెం, మూడింటికీ విడివిడిగా పెట్టి చూడాలి, ఎందుకంటే పైభాగం ఇత్తడిది అయి గొట్టం ఇనుపది కావడం సర్వసాధారణం. గాజు గ్లోబును వేలితో మెల్లగా కొడితే గణగణమని మోగాలి. మందంగా, చప్పగా మోగితే ఎక్కడో కంటికి కనిపించని పగులు ఉన్నట్టే. గ్లోబు మూతి వెడల్పును, దాన్ని పట్టుకునే పట్టీ వెడల్పును టేపుతో కొలిచి రాసుకోండి. దీపం ఒక వారం, దానికి సరిపోయే గాజు మరొక వారం దొరకడం ఈ వేటలో మామూలే.

కొట్టు యజమాని ఇక్కడే బల్బు పెట్టి వెలిగించి చూపిస్తానంటాడు. చూపించనివ్వండి గాని దాన్ని లెక్కలోకి తీసుకోకండి. వెలిగిందంటే తీగ తెగలేదని మాత్రమే అర్థం, తీగ బాగుందని కాదు. మనం కొనేది దీపం ఒళ్ళును. దాని లోపలి నరాలను, అంటే తీగను, హోల్డరును, స్విచ్చును, ప్లగ్గును ఎంత బాగున్నట్టు కనిపించినా మార్చవలసిందే. పాత దీపాల్లో గుడ్డ చుట్టిన రబ్బరు తీగలుంటాయి. ఆ రబ్బరు ఏళ్ళ తరబడి బల్బు వేడికి ఎండి, కదపకుండా ఉన్నంతకాలం పైకి నిక్షేపంగా ఉండి, వంచగానే పొడిపొడిగా రాలిపోతుంది. లోపలి రాగి ఇత్తడి గొట్టానికి తగిలితే దీపం ఒళ్ళంతా 230 ఓల్టుల కరెంటు వస్తుంది.

విప్పడం, కడగడం

ప్లగ్గు తీసి పక్కన పెట్టిన తరువాతే స్క్రూడ్రైవరు పట్టుకోండి. ప్రతి మెట్టు వద్ద ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి, ఎందుకంటే ఏ నట్టు కింద ఏ వాషరు ఉందో మరునాటికి గుర్తుండదు. పాత తీగను లాగేయకుండా, దాని కొసకు గట్టి దారం కట్టి లాగితే, తీగ బయటికి వచ్చేసరికి దారం గొట్టంలో మిగులుతుంది. కొత్త తీగను ఆ దారంతోనే లోపలికి తెచ్చుకోవచ్చు. వంపులున్న కొమ్మల్లో ఈ చిన్న జాగ్రత్త ఒక పూట శ్రమను తప్పిస్తుంది.

ఇత్తడిని కడగడానికి మన వంటింట్లో ఉన్నదే చాలు. చింతపండు గుజ్జులో కాస్త ఉప్పు కలిపి పట్టించి, కొద్ది నిమిషాల తరువాత రుద్ది, నీటితో పూర్తిగా కడిగి, పొడి గుడ్డతో తుడిచి ఎండలో పెట్టాలి. పులుపు ఏ మడతలోనైనా మిగిలితే కొద్ది రోజుల్లోనే అక్కడ పచ్చటి చిలుము పడుతుంది. మొత్తం తళతళలాడేలా తోమాలా వద్దా అన్నది అభిరుచికి సంబంధించినది. నేనైతే ఉబ్బెత్తు భాగాలను మాత్రమే మెరిపించి, చెక్కుడు లోతుల్లోని నలుపును ఉంచేస్తాను, అప్పుడే పనితనం కంటికి కనిపిస్తుంది. సొట్టలను సుత్తితో మీరే సరిచేయాలని చూడకండి. కంచరి పని చేసేవారు, గిన్నెలకు మాట్లు వేసేవారు మీ ఊళ్ళో ఇంకా ఉంటే, లోపల దన్ను పెట్టి కొట్టడం వారికే తెలుసు.

రంగు వేసిన ఇనుప దీపాల విషయం వేరు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో 90 వంతులకు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందరి ఎనామెల్ రంగులో సీసం ఉండవచ్చు గనుక, ఆ పెచ్చులను పొడిగా గీకి ధూళి లేపకూడదు. నీళ్ళలో తడిపిన ఎమెరీ కాగితంతో రుద్ది, ఆ మురికిని కాగితంలో చుట్టి పారేయాలి. పిల్లలు తిరిగే ఇంట్లో ఈ పని గది లోపల చేయనే కూడదు.

కొత్త తీగ వేయడం

లోహపు దీపానికి మూడు పోగుల తీగే వేయాలి. ఫేజు, న్యూట్రల్, ఎర్తు. పాత బల్ల దీపాల్లో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, అదే వాటిలోని అసలు లోపం. 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడు పోగుల గుండ్రటి వైరు, 6 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు, బేకలైట్ లేదా పింగాణీ హోల్డరు ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతాయి. రకరకాలు ఒకే చోట చూడాలంటే కోఠి పక్కనున్న ట్రూప్ బజారు ఉంది. వైరు మీద ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి.

తీగల రంగులు: ఎరుపు లేదా గోధుమ రంగు ఫేజుకు, నలుపు లేదా నీలం న్యూట్రల్‌కు, ఆకుపచ్చ లేదా ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్తుకు. ఇది మీరు వేసే కొత్త తీగకు. గోడలోంచి వచ్చే పాత తీగల రంగును మాత్రం నమ్మకండి. మూడు ఫేజుల ఇళ్ళలో నీలం తీగ కూడా ఫేజు కావచ్చు. టెస్టరు పెట్టి చూసిన తరువాతే దేనికి దేన్ని కలపాలో తేల్చుకోవాలి. మర తిప్పి బిగించే ఈ27 హోల్డరు అయితే, ఫేజు తప్పనిసరిగా అడుగున ఉండే మధ్య బొడిపెకు, న్యూట్రల్ చుట్టూ ఉన్న మరకు రావాలి. తారుమారైతే, బల్బు మార్చేటప్పుడు వేలికి తగిలే లోహపు మర మీదే కరెంటు ఉంటుంది. పిన్నులతో బిగించే బి22 హోల్డరులో ఈ చిక్కు లేదు, మన బజారులో బల్బులూ ఎక్కువగా దానికే దొరుకుతాయి. అందుకే నేను వీలైనచోటల్లా దాన్నే వేస్తాను. ఆకుపచ్చ తీగ కొసకు రింగు లగ్గు, అంటే ఉంగరంలాంటి లోహపు కొస, వేసి, రంగు, చిలుము గీకేసిన శుభ్రమైన లోహం మీద నట్టుతో బిగించాలి. తీగ గొట్టంలోకి దూరే ప్రతి చోటా రబ్బరు బుష్ ఉండాలి, లేదంటే గొట్టం అంచు కొత్త తీగనూ కోసేస్తుంది.

పని పూర్తయ్యాక నేరుగా ప్లగ్గు పెట్టకండి. ఎలక్ట్రీషియన్ల దగ్గర సిరీస్ ల్యాంపు అనే సులువైన సాధనం ఉంటుంది. ఫేజు దారిలో ఒక 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు, దాని వెనుక ఒక సాకెట్, అంతే. దీపంలోని బల్బు తీసేసి దాన్ని ఆ సాకెట్‌కు తగిలిస్తే, సిరీస్ బల్బు అసలు వెలగకూడదు. వెలిగినా, ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే సరఫరాను ఆపేసే స్విచ్చు) పడిపోయినా, ఎక్కడో తీగలు ఒకదానికొకటి గాని, ఒంటికి గాని తగులుతున్నాయని అర్థం. వారి వద్ద మెగ్గరు (తీగ తొడుగు కరెంటును ఎంతగా ఆపుతోందో కొలిచే పరికరం) ఉంటే 500 ఓల్టుల వద్ద తీగలకూ ఒంటికీ మధ్య కొలిపించండి. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపితే దీపాన్ని మళ్ళీ విప్పవలసిందే. సీలింగు పాయింట్లకు, గోడ పాయింట్లకు కలిపే పనిని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలిపెట్టండి.

సిబ్బితో ఒక వేలాడే దీపం

ఇక దీపం కాని వస్తువును దీపంగా మార్చడం. దీనికి వంటింటి పాత సామానులో సిబ్బిని మించినది నాకు కనిపించలేదు. గంజి వార్చేటప్పుడు గిన్నె మీద బోర్లించే చిల్లుల ఇత్తడి సిబ్బిని, కొన్ని చోట్ల జిబ్బి అంటారు, ప్రెషర్ కుక్కర్లు వచ్చాక చాలా ఇళ్ళలో అటకెక్కించారు. కాస్త లోతుగా, గిన్నెలా ఉన్న సిబ్బి దొరికితే దానికి గొట్టం, హోల్డరు తప్ప మరేమీ అక్కరలేదు.

ముందుగా సిబ్బిని బోర్లించి, దారంతో రెండు అడ్డకొలతలు తీసి నడిబొడ్డును గుర్తించాలి. చిల్లుల వరుసను నమ్ముకోకూడదు, చేత్తో కొట్టిన చిల్లులు ఎప్పుడూ ఒక పక్కకు జరిగే ఉంటాయి. లోపలి నుంచి ఒక చెక్క దిమ్మను దన్నుగా పెట్టి, రెంటినీ బల్లకు క్లాంపుతో బిగించి, పంచ్‌తో చిన్న గాటు పెట్టి, మొదట 3 మి.మీ. రంధ్రం వేయాలి. ఆ తరువాత నేరుగా 10 మి.మీ. మామూలు బిట్టు పెట్టకండి. పల్చటి రేకులో పెద్ద బిట్టు ఇరుక్కుంటే రేకు మొత్తం గిర్రున తిరిగి చేతిని కోస్తుంది. మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ బిట్టును తక్కువ వేగంతో వాడితే రంధ్రం గుండ్రంగా, నునుపుగా వస్తుంది. కంటికి అద్దాలు పెట్టుకోవాలి. ఇత్తడి రజను సన్నటి సూదుల్లా ఎగురుతుంది. రంధ్రం అంచును ఆకురాయితో రాసి, వేలు తగిలితే గీసుకోనంత నునుపు చేయాలి.

ఆ రంధ్రంలో 10 మి.మీ. మర గొట్టాన్ని దూర్చి, పైనా కిందా వాషరు, నట్టు బిగించాలి. లోపలి నట్టు కిందనే ఎర్తు లగ్గును పెట్టాలి. తీగను పై నుంచి దూర్చి, హోల్డరు మూతను గొట్టానికి బిగించి, దీపం బరువు హోల్డరు మరల మీద పడకుండా మూత లోపల ఒక ముడి వేసి, ఆ తరువాతే ఫేజు, న్యూట్రల్ కొసలను బిగించాలి. సిబ్బి తేలికైనది గనుక గుండ్రటి మూడు పోగుల వైరే దాన్ని మోయగలదు. రెండు కిలోలు దాటిన ఏ దీపాన్నైనా గొలుసుతోనే వేలాడదీయాలి, తీగ ఆ గొలుసు వెంట వదులుగా రావాలి.

బల్బును బట్టి ఈ దీపం రూపమే మారిపోతుంది. పాలరంగు ఎల్ఈడీ బల్బు పెడితే కాంతి బల్బు ఒళ్ళంతటి నుంచీ వస్తుంది గనుక, చిల్లుల నీడలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గోడ మీద మసక వెలుగు మాత్రమే పడుతుంది. పారదర్శకమైన గాజులో సన్నటి పోగులున్న 4 వాట్ల ఫిలమెంటు ఎల్ఈడీ పెడితే, ప్రతి చిల్లూ గోడ మీద ఒక చుక్కగా విచ్చుకుంటుంది. మా ఇంట్లో ఆ చుక్కలు భోజనాల గది మూడు గోడల మీద పరుచుకుని, ఫ్యాను గాలికి దీపం కొద్దిగా ఊగినప్పుడు మెల్లగా కదులుతాయి. భోజనానికి ఇది బాగుంటుంది. లెక్కలు చేసుకునే పిల్లవాడికి పనికిరాదు. బల్ల మీదికైతే దీపం అంచు బల్ల పైభాగానికి 30 నుంచి 36 అంగుళాల ఎత్తున ఉంటే, ఎదుటివారి ముఖం కనిపిస్తుంది, బల్బు కంట్లో పడదు.

ఇదే పద్ధతిలో వెదురు బుట్టలను, తాటాకు బుట్టలను కూడా వాడవచ్చు. అవి అంటుకునే వస్తువులు గనుక ఎల్ఈడీ తప్ప మరేదీ పెట్టకూడదు. కిరసనాయిలు లాంతరుకు రంధ్రం వేయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు, చిమ్నీ లోపల బ్యాటరీ బల్బు ఒకటి నిలబెడితే సరిపోతుంది. పెట్రోమాక్స్ లైటును మారుస్తుంటే పాత మాంటిల్‌ను, అంటే లోపల వెలిగే వలలాంటి సంచిని, చేత్తో నలపకండి. వాటిలో థోరియం వాడేవారు. అది స్వల్పంగా రేడియోధార్మిక పదార్థం, ఆ బూడిద ముక్కులోకి పోకూడదు. తడి గుడ్డతో తీసి, సంచిలో మూటకట్టి పారేయండి.

గొడుగు సంగతి

బల్ల దీపం ఒళ్ళు దొరికినంత సులువుగా దాని గొడుగు, అంటే ల్యాంప్ షేడ్, దొరకదు. గుడ్డ గొడుగులు చిరిగి, మాసి, పారవేయబడి ఉంటాయి. ఇక్కడ మనకు ఇంటి పక్కనే ఒక మంచి దారి ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఇప్పుడు దీపపు గొడుగులు కూడా చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు దాటేంత పల్చగా చేసి, రంగులద్ది, చిల్లులు పొడిచే విద్య తెర వెనుక దీపం పెట్టి ఆడించే బొమ్మల కోసం పుట్టినది. కనుక పగలు మామూలుగా కనిపించే ఆ గొడుగు దీపం వేయగానే మరొక వస్తువవుతుంది. కొత్త గొడుగును పాత ఇత్తడి స్తంభం మీద కూర్చోబెట్టడంలో ఉన్న అందం, రెండూ పాతవైనప్పుడు నాకు కనిపించలేదు. తోలు వేడికి ముడుచుకుపోతుంది కాబట్టి ఇక్కడా ఎల్ఈడీయే. బల్బుకు, తోలుకు మధ్య నాలుగు వేళ్ళ దూరం ఉండేలా చూసుకోండి, కడగకుండా పొడి కుంచెతో దుమ్ము దులపండి.

బల్బుల గురించి మరొక మాట. మన ఇళ్ళలో తెల్లటి వెలుగు మీద ఒక మమకారం ఉంది. 6500 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలత) బల్బు వేస్తేనే లైటు వేసినట్టు అనిపిస్తుంది. ఇత్తడి, చెక్క, తోలు మాత్రం ఆ వెలుగులో బూడిద రంగుకు తిరుగుతాయి. పెట్టె మీద 2700 లేదా 3000 కెల్విన్లు అని ఉన్నవాటినే ఈ దీపాలకు కొనండి. నాలుగు వైపులా మూసుకుపోయిన గాజు గ్లోబులో ఎల్ఈడీ పెడితే, దాని అడుగునున్న సర్క్యూట్ వేడి బయటికి పోక బల్బు ముందే పాడవుతుంది. అలాంటి వాటిలో తక్కువ వాట్ల బల్బే మేలు. వెలుగును తగ్గించి పెంచే రెగ్యులేటరు వాడదలిస్తే, బల్బు పెట్టె మీద డిమ్మబుల్ అని ఉందో లేదో చూడాలి, లేకపోతే అది మిణుకుమిణుకుమంటుంది.

బరువైన దీపాన్ని తగిలించవలసి వస్తే, ఫాల్స్ సీలింగును విడిచిపెట్టి పైనున్న శ్లాబునే నమ్ముకోవాలి. శ్లాబులో పోత పోసిన ఫ్యాను కొక్కెం ఖాళీగా ఉంటే అంతకన్నా కావలసిందేమీ లేదు, లేదంటే శ్లాబులోకి యాంకర్ ఫాస్టెనరు, అంటే రంధ్రంలో బిగుసుకునే బోల్టు, వేయించి, జిప్సం గుండా కడ్డీని కిందికి దింపించాలి. నా మూడు కొమ్మల దీపం చివరికి అలాగే, హాలులో కాకుండా మెట్ల దగ్గరి ఫ్యాను కొక్కేనికి చేరింది. ఒకే గదిలో ఇలాంటివి రెండుకు మించి పెట్టకండి. మూడవదానితో ఇల్లు పాత సామాను కొట్టులా కనిపించడం మొదలవుతుంది.

ప్రతి దీపం అడుగు పళ్ళెం లోపల ఒక చిన్న కాగితం అంటించి, తీగ మార్చిన నెల, సంవత్సరం, హోల్డరు రకం, అందులో వేయదగిన గరిష్ఠ వాట్లు రాసిపెట్టండి. పదేళ్ళ తరువాత దాన్ని మళ్ళీ విప్పేది మీరు కాకపోవచ్చు.